మీటర్ ఆగకూడదంట.. మనిషి ఆగినా ఫర్లేదంట!

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మిరప కోతలు అయిపోయినయ్యి. కల్లాల్లో కాయ ఎత్తేశారు, టిక్కీలు కొన్ని గుంటూరు యార్డుకి, కొన్ని కోల్డ్ స్టోరేజీకి పోయినయ్యి. పత్తి మోళ్లు పీకేశారు. చేను ఖాళీ. రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. ఆ టైములో చేలో కదిలేది ఒక్కటే, జేసీబీ. చేలు ఖాళీగా ఉండేది ఈ రెండు నెలలే కాబట్టి మెరక తియ్యాలన్నా, కాలవ తవ్వాలన్నా, చెరువు మట్టి తోలాలన్నా, ప్లాట్లు చదును చెయ్యాలన్నా పనంతా ఇప్పుడే. అంటే ఏడాదిలో మనిషి బయట నిలబడలేని రెండు నెలలే బండికి సీజను.

ఆ బండి మీద ఉన్న కుర్రాడికి ఇరవై మూడేళ్లు. క్యాబిన్‌లో ఏసీ చెడిపోయి రెండేళ్లయింది. తల మీద తడి తువ్వాల, పక్కన రెండు లీటర్ల సీసా. నీళ్లు కాఫీలాగా కాగినయ్యి. కళ్లు తిరుగుతున్నయ్యని బండి ఆపి యాపచెట్టు కిందకి వచ్చి కూర్చున్నాడు. పావుగంట కాలేదు, ఫోన్ మోగింది.

"ఏందిరా, బండి ఆగింది?"

ఓనర్ ఉన్నది ముప్పై కిలోమీటర్ల అవతల. అయినా ఇంజిన్ ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు స్టార్ట్ అయిందో ఆయన చేతిలో ఫోన్ చెప్పుద్ది. కొత్త బండ్లన్నిటికీ ఆ సౌకర్యం ఉంది. ఇంజిన్ ఆగిన సంగతి చెప్పిద్ది గానీ, మనిషి ఎందుకు ఆగాడో చెప్పదు.

ఆ కుర్రాడు లేచి వెళ్లి మళ్లీ బండెక్కాడు. నేను అక్కడే ఉన్నా. ఆ ఫోన్ కాల్ గురించే ఈ వ్యాసం.

బండికి గేజ్ ఉంది, మనిషికేది?

మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఎండ సంగతి మనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రెంటచింతల పేరు వింటేనే రాష్ట్రం మొత్తానికి చెమట పట్టుద్ది. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. పోయినోళ్లు ఏసీ గదుల్లో ఉన్నోళ్లు కాదు. బయట పనిచేసే కూలీలు, ముసలోళ్లు.

బండి ఇంజిన్ వేడెక్కితే డాష్‌బోర్డు మీద ముల్లు ఎర్రగీత మీదకి పోయిద్ది. లైటు వెలుగుద్ది, బీప్ మోగుద్ది. ఆపరేటర్ వెంటనే బండి ఆపుతాడు. ఎందుకాపావని ఓనర్ కూడా అడగడు. "మంచిపని చేశావురా, లేకపోతే హెడ్ పోయేది" అంటాడు. ఇంజిన్ ఖరీదు లక్షలు కాబట్టి.

మనిషి ఒళ్లు కూడా ఇంజిన్ లాంటిదే. మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చెమట పట్టి, అది ఆరితేనే ఒళ్లు చల్లబడేది. క్యాబిన్‌లో నాలుగు పక్కలా అద్దాలు, ముందో వెనకో ఇంజిన్, కాళ్ల కింద కాగే ఇనుము. గాలి ఆడదు, చెమట ఆరదు. ఒంట్లో నీళ్లు తగ్గేకొద్దీ ముందు పోయేది ప్రాణం కాదు, చురుకు. చెయ్యి ఒక క్షణం ఆలస్యంగా కదులుద్ది. వెనక మనిషి ఉన్నాడో లేడో చూడటం మర్చిపోతాడు. ఒక లివర్ బదులు ఇంకో లివర్ లాగుతాడు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందంటే అది వడదెబ్బ. మాట తడబడిద్ది, మనిషి తిక్కతిక్కగా మాట్లాడతాడు, పడిపోతాడు. అప్పుడు ఆ ఒంటిని నిమిషాల్లో చల్లబరచకపోతే బతకటం కష్టం.

చేతిలో ఉన్నది కొడవలి అయితే చురుకు తగ్గినప్పుడు తెగేది తన వేలే. చేతిలో ఉన్నది ఏడెనిమిది టన్నుల జేసీబీ, లేదా ఇరవై టన్నుల చైన్ బండి అయితే? అందుకే ఆపరేటర్ వడదెబ్బ అతని ఒక్కడి ఆరోగ్యం సమస్య కాదు. ఆ బండి చుట్టూ ఉన్న ప్రతి మనిషి సమస్య.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. 2001 మేలో నాకు పంతొమ్మిదేళ్లు. కాలవ పూడికతీత పనిలో ఒక చైన్ బండికి హెల్పర్‌గా చేరా. ఆ రోజు ఆపరేటర్ పొద్దున ఆరింటికి ఎక్కినవాడు రెండింటికి కూడా దిగలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్లడిగాడు. ట్యాంకర్ రాలేదు. రెండున్నరప్పుడు నేను బకెట్ పళ్లకి చిక్కుకున్న వేరు తీసి పక్కకి జరిగేలోపు బూమ్ తిప్పాడు. నా ఎడమ చీలమండ నలిగింది. ఇప్పటికీ వాన పడే ముందు అది నాకు చెప్పుద్ది. ఆ కాంట్రాక్టరు చేసిందేందంటే, "తాగి నడిపాడు" అని ఆ ఆపరేటర్ని జీతం ఇవ్వకుండా తరిమేశాడు. ఆయన తాగలేదు. తాగటానికి నీళ్లు కూడా లేవు. ఆయన మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

కింద రేగడి

మన నేల గురించి మన తాతలకి తెలిసినంత మనకి తెలియదు. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బిద్ది, ఎండితే ముడుచుకుంటది. ఎండాకాలంలో చేలో కాలు దూరేంత నెర్రెలు పడేది అందుకే. పత్తికీ మిరపకీ ఆ మట్టి తల్లి లాంటిది. బండికి మాత్రం అదే మట్టి ఎండలో ఒక రకంగా, వానలో ఇంకో రకంగా ప్రాణం మీదకి తెచ్చిద్ది.

ఎండాకాలంలో నేల రాయిలాగా ఉందిలే అని గొయ్యి నిలువుగా తవ్వుతారు. ఆ గోడలో ఇందాక చెప్పిన నెర్రెలు లోతుగా దిగి ఉంటయ్యి. పైనుంచి చూస్తే గట్టిగానే ఉంటది. అంచున బండి నిలబెట్టి అదిరిస్తే ఆ నెర్రె వెంబడే గోడ మొత్తం పలకలాగా ఊడి వచ్చిద్ది. ఇక వానాకాలం. పైన ఆరిన పెచ్చు ఉంటది, కింద బురద. ముందు టైరు ఎక్కేదాకా తెలియదు. జేసీబీ వెనక కాళ్లు దించి బకెట్ లేపితే ఒక కాలు మెల్లగా దిగబడిద్ది. బండి పక్కకి ఒరిగేటప్పుడు కుర్రాళ్లు చేసే తప్పు ఒకటుంది. క్యాబిన్ లోంచి బయటకి దూకుతారు. బండి అటే పడిద్ది. సీటు బెల్టు పెట్టుకుని లోపలే గట్టిగా పట్టుకుని ఉన్నవాడు బతికే అవకాశం ఎక్కువ. కానీ బెల్టు సీటు వెనక దుమ్ము కొట్టుకుని పడి ఉంటది.

పైపులైను పనులు చూడండి. గోతిలో ఇద్దరు కూలీలు, పైన బండి, అంచు మీదే పోసిన మట్టి గుట్ట. ఒక క్యూబిక్ మీటరు మట్టి అంటే టన్నున్నర పైమాటే. ఛాతీ లోతు దాకా కూరుకున్నా పక్కటెముకలు అదిమేసి ఊపిరి ఆడదు. దీనికి మనదేశంలో రాసిపెట్టిన పద్ధతి ఉంది. భారత ప్రమాణాల సంస్థ 1992లో సవరించిన ఐఎస్ 3764 ప్రకారం మట్టిలో గొయ్యి ఒకటిన్నర మీటరు, అంటే సుమారు ఐదడుగులు దాటితే పక్కలకి చెక్కలతోనో ఇనుప రేకులతోనో ఊతం పెట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి ఒకటిన్నర మీటరు గానీ, గొయ్యి లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. మన ఊళ్లలో ఐదడుగుల గొయ్యికి చెక్క ఊతం పెట్టగా మీరెప్పుడైనా చూశారా? నేను చూళ్లేదు.

2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలైనయ్యి. తుళ్లూరు వైపు ఒకసారి పోయి రండి. ఎటు చూసినా క్రేన్లు, చైన్ బండ్లు, టిప్పర్లు. అదంతా నిన్నటిదాకా పత్తి, మిరప, కూరగాయలు పండిన కృష్ణ ఒడ్డు నల్లనేల. అక్కడ పెద్ద కంపెనీలకి సేఫ్టీ ఆఫీసర్లు, హెల్మెట్లు, బోర్డులు ఉంటయ్యి. నా భయం కంపెనీ గేటు బయట సబ్ కాంట్రాక్టుకి, దాని కింద ఇంకో సబ్ కాంట్రాక్టుకి తిరిగే మన ఊరి బండి గురించి.

పైన తీగ

2020 మే 14. ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. మిరప కోత ముగించుకుని కూలీలు ట్రాక్టర్ మీద ఇంటికి వస్తన్నారు. ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది, తీగ తెగి మీద పడింది. కనీసం తొమ్మిది మంది అక్కడికక్కడే పోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. పొద్దున కూలికి పోయిన తల్లులు సాయంత్రానికి లేరు.

అది ట్రాక్టర్. ఇప్పుడు టిప్పర్ సంగతి ఆలోచించండి. తొట్టి పూర్తిగా పైకి లేపితే ఆరు మీటర్లు దాటే బండ్లు మన రోడ్ల మీద తిరుగుతన్నయ్యి. చేల మీదుగా పోయే 11 కేవీ తీగకి నిబంధనల ప్రకారం ఉండాల్సిన కనీస ఎత్తు నాలుగు మీటర్ల 60 సెంటీమీటర్లే. రోడ్డు దాటేచోట ఆరు మీటర్ల పైచిలుకు. ఎండకి తీగ సాగి ఇంకా కిందకి వేలాడిద్ది. పొలంలో మట్టి తోలి మెరక చేశాం అనుకోండి, నేల పైకి లేచింది, తీగ అక్కడే ఉంది. పోయినేడు తగలని తొట్టి ఈ ఏడు తగులుద్ది. ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

అమెరికాలో 50 కేవీ లోపు తీగకి క్రేన్ పది అడుగుల కంటే దగ్గరికి పోకూడదని నియమం. మన ఊళ్లో కూడా అదే పది అడుగులు మనసులో పెట్టుకోండి. అది కుదరని చోట పని మొదలుపెట్టే ముందు 1912కి ఫోన్ చేసి లైను ఆపించండి. లైన్‌మన్‌కి నోటిమాట చెప్పి వదిలెయ్యొద్దు, లైను ఆగిందని ఖాయం చేసుకున్నాకే బూమ్ లేపండి.

ఒకవేళ బండి తీగకి తగిలితే? రబ్బరు టైర్లు కాపాడతయ్యనేది ఉత్తమాట. క్యాబిన్ లోనే కూర్చోండి, దేన్నీ ముట్టుకోవద్దు, దగ్గరికి వచ్చేవాళ్లని అరిచి ఆపండి. మంట లేచి దిగక తప్పకపోతే ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టి దిగొద్దు. రెండు కాళ్లు జతచేసి, బండికి తగలకుండా దూకి, కాళ్లు విడదియ్యకుండా గెంతుకుంటా దూరం పోవాలి. కరెంటు నేలలోకి కూడా పాకి ఉంటది, అంగ వేస్తే రెండు పాదాల మధ్యే కొట్టిద్ది. ఈ నాలుగు మాటలు చెప్పటానికి ఐదు నిమిషాలు పట్టదు. పదేళ్ల నుంచి బండి నడిపే ఆపరేటర్లని అడిగా, చాలామందికి ఎవరూ చెప్పలేదన్నారు.

రాయి, నీళ్లు

2025 ఆగస్టు 3, ఆదివారం. అప్పటికి బాపట్ల జిల్లాలో ఉన్న బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు చనిపోయారు. ఆరుగురూ ఒడిశా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినోళ్లే. రాళ్ల సందుల్లోకి నీళ్లు ఊరి వదులైపోవటమే కారణం అయి ఉండొచ్చని అధికారులు మొదట చెప్పారు.

అదే ఏడు ఫిబ్రవరి 22న నల్లమల అవతలి పక్క, తెలంగాణ దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కడు కూడా బతికి బయటకి రాలేదు. వాళ్లలో సొరంగం తవ్వే మిషను ఆపరేటర్లు కూడా ఉన్నారు. అక్కడా లోపలికి వచ్చింది నీళ్లూ బురదే.

క్వారీ వేరు, సొరంగం వేరు, మన చేలో గొయ్యి వేరు. కానీ మూడిట్లో ఉన్న పాఠం ఒకటే. నేల, నీళ్లు, ఎండ ముందుగా సంకేతం ఇస్తయ్యి. కొత్తగా నీరు ఊరుతుంది, మట్టి రాలుతుంది, నెర్రె వెడల్పవుద్ది. ఆ సంకేతం ముందు చూసేది ఇంజినీరు కాదు, ఆఫీసరు కాదు. బండి మీద ఉన్నవాడు, బండి పక్కన ఉన్నవాడు. మరి చూసినవాడికి "ఆపండి" అనే హక్కు ఉందా? ఆపితే వాడి కూలి ఎవరిస్తారు?

అసలు రోగం గంట రేటులో ఉంది

ఏ ప్రమాదం జరిగినా మర్నాడు పేపర్లో ఒకటే మాట, "ఆపరేటర్ నిర్లక్ష్యం". నేను ఒప్పుకోను. నిర్లక్ష్యం ఉండదని కాదు, ఫోన్ చూస్తా నడిపేవాళ్లూ, రీలు కోసం బూమ్ మీద మనిషిని ఎక్కించేవాళ్లూ ఉన్నారు. వాళ్లని వెనకేసుకు రాను. కానీ మధ్యాహ్నం రెండింటికి బండి నడపాలని ఏ ఆపరేటరూ సరదాపడడు.

లెక్క ఎట్టా ఉందో చూడండి. రైతు ఇచ్చేది గంటకింత అని. డాష్‌బోర్డు మీద అవర్ మీటర్ తిరిగితేనే డబ్బు. ఓనర్ అంటే కోటీశ్వరుడు కాదు, చాలాసార్లు మన ఊరి కుర్రాడే. ఎకరం అమ్మో, బంగారం కుదువపెట్టో డౌన్ పేమెంట్ కట్టాడు. నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ. సీజను రెండు నెలల్లో తిప్పకపోతే బండి గుంజుకుపోతారు. ఆపరేటర్‌కి నెల జీతం కొంత, గంటల మీద బత్తా కొంత. రైతుకేమో వాన పడేలోపు పని అవ్వాలి. ముగ్గురిలో ఎవరూ చెడ్డోళ్లు కాదు. కానీ ముగ్గురి కష్టం కలిసి ఒకడి నెత్తి మీద కూర్చుంది, వాడే సీటులో ఉన్నవాడు. ఆగిన ప్రతి గంట నష్టం అయినప్పుడు ఎండ అని ఆగడు, తీగ ఉందని ఆగడు, నేల మెత్తగా ఉందని ఆగడు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపించే ఓనరుకి, ఆపరేటర్‌ని నీడలో కూర్చోబెట్టటం మాత్రం నష్టంలా కనపడుద్ది.

కాబట్టి హెల్మెట్ పంచి, పోస్టర్ అంటించి, ప్రతిజ్ఞ చేయించి భద్రత వచ్చిద్దనుకోవటం మనల్ని మనం మోసం చేసుకోవటమే. ఆగిన గంటకి ఎవరు డబ్బిస్తారో తేల్చిన రోజే భద్రత మొదలయిద్ది.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

చట్టం లేదా? ఉంది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినాక అది వృత్తి భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అపాయం కళ్ల ముందు కనపడితే యజమానికి చెప్పే హక్కు కార్మికుడికీ, వెంటనే సరిదిద్దాల్సిన బాధ్యత యజమానికీ అందులో రాశారు. వినటానికి బాగుంది. కానీ పాత చట్టమైనా కొత్త కోడ్ అయినా మామూలుగా పట్టించుకునేది పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోటునే. మన చేలో ఉన్నది ఒక బండి, ఒక ఆపరేటర్, ఒక హెల్పర్. పదిమంది ఎక్కడ? గ్రానైట్ క్వారీలకి చూసేది గనుల భద్రతా డైరెక్టరేట్. దాని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. మన చేనుకి చూసేదెవరు? మనమే.

అయితే ఒక చోట చట్టం ఒంటరి కార్మికుడిని కూడా పట్టించుకుంటది. అది నష్టపరిహారం. 1923 నాటి పరిహార చట్టం లెక్క ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. పనిలో చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి ఆ అంకె 216.91. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం 15,000. దానిలో సగం 7,500. గుణిస్తే 16 లక్షల 26 వేల పైచిలుకు. ఇది దయ కాదు, హక్కు. కానీ మన ఊళ్లో ఏం జరుగుద్ది? పెద్దమనుషులు కూర్చుని రెండో మూడో లక్షలకి తెగ్గొట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించి పంపిస్తారు.

ఎందుకంటే రుజువు ఉండదు. జీతం చేతికిస్తారు, రసీదు లేదు. వడదెబ్బకి పోతే "గుండె ఆగింది" అంటారు. అందుకే తమ్ముళ్లూ, మీ చేతిలో ఉన్న ఫోన్ ఓనర్‌కే కాదు, మీకు కూడా సాక్షి. జీతం ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయించుకోండి. రోజూ పని మొదలెట్టేటప్పుడు, దిగేటప్పుడు అవర్ మీటర్ ఫోటో తియ్యండి. పని చెప్పిన వాయిస్ మెసేజ్ తుడిపెయ్యొద్దు. బండికి తగ్గ లైసెన్సు లేకుండా ఎక్కొద్దు, రేపు బీమా కంపెనీ ముందు అడిగేది అదే. బండి ఇన్సూరెన్సు కాగితంలో ఆపరేటర్‌కి కూడా కవరేజీ ఉందా అని ఓనర్‌ని అడగండి. అడిగితే తప్పేం లేదు.

పక్కోళ్లు ఎట్టా చేస్తన్నారు

"ఎండలో ఆగితే దేశం ఎట్టా బాగుపడిద్ది" అంటారు కొందరు. మన తెలుగోళ్లు లక్షలమంది కూలికి పోయిన గల్ఫ్ చూడండి. 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా బయట ఎండలో పని చేయించకూడదు. అంతేకాదు, ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి చూసే వేడి కొలత 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాల్సిందే. అక్కడ కార్మికుల కష్టాలు నాకు తెలియవని కాదు. ఎన్నో చావుల తర్వాత, ప్రపంచం అంతా వేలు పెట్టి చూపిస్తే వచ్చిన నియమం అది. కానీ వచ్చింది. దేశం ఆగలేదు.

అంత దూరం ఎందుకు, కేరళలో ప్రతి ఎండాకాలం లేబర్ కమిషనర్ ఉత్తర్వు ఇస్తాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఎండలో పనిచేసేవాళ్లకి విశ్రాంతి. మన దగ్గర కూడా ఉపాధి హామీ పనులు వేసవిలో పొద్దున్నే మొదలెట్టి, ఎండ ముదరకముందే ఆపేస్తారు. గడ్డపార పట్టుకున్నవాడికి ఎండ తగులుద్దని సర్కారుకి తెలుసు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి తగలదనా?

మనం చేసుకోగలిగింది

సర్కారు చెయ్యాల్సింది సర్కారు చెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట బయట మిషను పని ఆపేటట్టు కేరళ మాదిరి ఉత్తర్వు ఇవ్వాలి. సర్కారీ టెండర్లలో ఎండకి, వానకి ఆగిన గంటలకి కూడా డబ్బు లెక్క కట్టాలి. మండలానికి ఒకచోట ఆపరేటర్లకి శిక్షణ పెట్టాలి. న్యాక్ ఉంది, మిషను ఆపరేటర్లకి సర్టిఫికెట్ ఇచ్చే స్కిల్ కౌన్సిల్ ఉంది. అవి ఊరిదాకా రావాలి. వీటికోసం అడుగుదాం, కొట్లాడదాం.

కానీ అందాకా ఆగక్కర్లేదు. మీ మండలంలో జేసీబీ ఓనర్లకి అసోసియేషన్ ఉందా? చాలాచోట్ల ఉంది. డీజిల్ రేటు పెరగంగానే అందరూ ఒకచోట కూర్చుని "రేపటి నుంచి గంటకి ఇంత, ఎవడూ తగ్గించి పోవద్దు" అని కట్టుబాటు చేసుకుంటారు. ఫ్లెక్సీ కూడా వేస్తారు. తప్పినవాడికి జరిమానా. రేటుకి కట్టుబాటు చేసుకున్నోళ్లు టైముకి చేసుకోలేరా? "మండు వేసవిలో పన్నెండు నుంచి మూడున్నర దాకా మండలంలో ఏ బండీ తిరగదు" అని ఒక్క తీర్మానం. అందరూ ఆగితే ఎవడి పనీ పక్కవాడికి పోదు. పొద్దున ఐదింటికి మొదలుపెట్టండి, సాయంత్రం కాసేపు ఎక్కువ చెయ్యండి. రాత్రి చెయ్యాల్సి వస్తే సరిపడా లైట్లు, కింద ఒక మనిషి లేకుండా వద్దు. రైతు గంటలు రైతుకి దొరుకుతయ్యి, ఓనర్ కిస్తీ కిస్తీకి దొరుకుద్ది. ఆపరేటర్‌కి మాత్రం ఆ మూడున్నర గంటలు బత్తా కొయ్యకూడదు. గంట రేటులో పదో పరకో కలిపి ఆ భారం ముగ్గురూ పంచుకోవాలి.

ఆపరేటర్లకి నా మాట. కొత్తగా బండెక్కినా, నెల సెలవు తర్వాత ఎక్కినా మొదటిరోజే ఎండలో పూర్తి డ్యూటీ చెయ్యొద్దు. మొదటి రోజు ఐదో వంతు, తర్వాత రోజుకి కాస్త పెంచుకుంటా పోతే ఒళ్లు ఎండకి అలవాటు పడిద్ది. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు. మధ్యలో ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్‌సో. కూల్ డ్రింకులు, బీరు దాహం తీర్చవు. పక్కవాడు మాట తడబడతా ఉంటే వెంటనే బండి ఆపించి నీడకి తెచ్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, ఒళ్లంతా చల్లటి నీళ్లు పొయ్యండి, గాలి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

బండెక్కే ముందు ఒక్కసారి చుట్టూ నడవండి. పైన తీగ చూడండి, కింద నేల చూడండి, వెనక మనిషిని చూడండి. కాళ్లు దించే చోట మెత్తగా ఉంటే మందపాటి చెక్కలు వెయ్యండి. రెండు నిమిషాల పని.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్ నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేదు. ఒక జేసీబీ ఆపరేటర్ బండి తీసుకుపోయి తొమ్మిది మందినీ ఒడ్డుకి చేర్చాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది, మనమంతా ఆ వీడియో షేర్ చేశాం. వరదొస్తే ప్రాణం పణం పెట్టమని ఆపరేటర్‌ని అడిగే మనం, ఎండొస్తే వాడి ప్రాణం గురించి ఒక్క ఫోన్ చెయ్యలేమా?

చెయ్యగలం. ఈసారి మధ్యాహ్నం మీ బండి ఆగినట్టు ఫోన్‌లో కనపడితే, ఓనర్ అన్నా, ఫోన్ చెయ్యి. కానీ మాట మార్చు.

"ఏందిరా తమ్ముడూ, నీళ్లు తాగావా?" అని అడుగు.